చెరువు తేటబడగానే వల దింపకండి

మత్తడి దుంకుడు ఆగింది. హస్త కార్తె పోయి చిత్త వచ్చేసరికి చెరువు కట్ట మీద నిలబడ్డ మనిషికి నీళ్లలో తన నీడ కనబడుతుంది. శ్రావణ, భాద్రపదాల్లో ఎర్రమట్టి కలిసి చాయ్ రంగులో ఉన్న నీళ్లు మెల్లగా తేరుకుంటాయి. పొద్దుపొద్దున్నే అక్కడొకటి ఇక్కడొకటి చేపలు ఎగిరి పడుతుంటాయి. ఇది చూశాక చేతులు ఊరుకోవు. చూరుకు వేలాడుతున్న విసురు వల కిందికి దిగుతుంది. పిల్లలు గాలాలు సర్దుకుంటారు. సంఘంలో కూడా ఒకరిద్దరు ఒక్కసారి వల తిప్పి చూద్దామని మొదలు పెడతారు.

రైతు సోదరులారా, చూసి ఊరుకోవలసిన రోజులు ఇవే. ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా ఉన్న రెండున్నర నెలలు చెరువులో చేప బరువు కట్టే కాలం. ఇదే రోజుల్లో మబ్బు పట్టిన ఒక్క తెల్లవారుజామున కుంటెడు చేప తెల్లగా తేలిపోయే ప్రమాదమూ ఉంది. పట్టుకోవడానికి తొందరపడి సగం, పట్టించుకోక సగం పోగొట్టుకుంటున్నాం.

ఈ సంగతి ఒక్క మత్స్య సంఘం సభ్యులకే అనుకోకండి. పొలంలో పది గుంటల కుంట తవ్వుకుని చేపపిల్లలు వదిలినవాళ్లకు, చెరువు కింద ఎకరం అరెకరం వరి పెట్టుకున్నవాళ్లకు కూడా ఇందులో పాలు ఉంది. వరి రైతుకు చేపతో ఏం సంబంధమనేది కింద వస్తుంది. ముందు నీళ్ల సంగతి చూద్దాం.

మోచేతి లోతు పరీక్ష

వానకాలంలో వచ్చే వరద నీళ్లలో మట్టి ఎక్కువ. ఎండ లోపలికి దిగదు. ఎండ దిగకపోతే నీళ్లలో కంటికి కనిపించని నాచు పెరగదు. ఆ సన్నటి నాచునే వృక్ష ప్లవకాలంటారు. వాటిని తిని బతికే సూక్ష్మ జీవులు జంతు ప్లవకాలు. బొచ్చె నీళ్ల పై పొరలో తిరుగుతూ ఈ సూక్ష్మ జీవులను తింటుంది. రవ్వు మధ్య పొరలో, మోసు అడుగున బురదలో మేస్తాయి. అంటే నాచు మొదలైతేనే ఈ మూడింటికీ తిండి మొదలైనట్లు. మట్టి అడుక్కు దిగి, చిత్త కార్తె ఎండ నీళ్లలోకి పారినప్పుడు ఆ మేత పుష్కలంగా తయారవుతుంది. నీళ్ల వేడి 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే ఈ చేపలు బాగా తింటాయి, బాగా ఎదుగుతాయి. మన దగ్గర ఆశ్వయుజ, కార్తీకాల్లో చెరువు నీళ్లు చాలా వరకు ఈ హద్దుల్లోనే ఉంటాయి. పుష్యంలో చలి ముదిరి నీళ్లు 20 డిగ్రీల దగ్గరికి దిగినప్పుడు చేప తిండి తగ్గిస్తుంది, ఎదుగుదల మందగిస్తుంది. కాబట్టి చలి ముదిరేలోపు తిన్నంత తినాలి.

మీ కుంటలో మేత ఉందో లేదో తెలుసుకోవడానికి యంత్రమేమీ అక్కర్లేదు. పొద్దెక్కాక, తొమ్మిది పది గంటల వేళ కుంటలో దిగి, అరచేయి పైకి తిప్పి చేతిని మెల్లగా ముంచండి. మోచేయి మునిగేసరికి అరచేయి కనబడకుండా పోయి, నీళ్లు లేతాకుపచ్చగా ఉంటే మేత సరిపడా ఉన్నట్లు. భుజం దాకా మునిగినా వేళ్లు కనబడుతున్నాయంటే నీళ్లు ఉత్తవి, చేప పస్తులుంటోంది. అలాంటప్పుడు బాగా చివికిన పెంట కొద్దికొద్దిగా వేసుకోవచ్చు. మణికట్టు దగ్గరే చేయి మాయమై నీళ్లు చిక్కటి పచ్చగా ఉంటే అది ప్రమాదం. పెంట, మేత వెంటనే ఆపండి. ఎందుకో మబ్బు గురించి చెప్పేచోట తెలుస్తుంది. నీళ్లు ఎర్రగా ఉండి చేయి కనబడకపోతే అది నాచు కాదు, మట్టి. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

చాలామంది తేట నీళ్లను మంచి నీళ్లని అనుకుంటారు. తాగడానికి మంచివే కావచ్చు గానీ చేపకు కాదు.

పదిహేను రూపాయల చేప

ఇక వల లెక్క. పెద్ద చెరువుల్లో సాధారణంగా 80 నుంచి 100 మిల్లీమీటర్ల పొడవున్న పిల్లలను వదులుతారు. ఎండాకాలానికి ఎండే చెరువుల్లో, కుంటల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్లవి. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం పూర్తి సబ్సిడీ మీద పిల్లలను ఇచ్చినప్పుడూ ఇవే కొలతలు పెట్టింది. వేలెడు పొడవున్న పెద్ద పిల్ల పది గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. భాద్రపదంలో వదిలితే, మేత ఉన్న చెరువులో కార్తీకం నాటికి 100 నుంచి 150 గ్రాములు కావచ్చు. అదే చేపను చైత్ర, వైశాఖాల దాకా ఉంచితే ముప్పావు కిలో వస్తుంది.

కిలో వంద రూపాయలని లెక్క పెట్టుకుందాం. మీ ఊరి ధర వేరైతే మీ ధర వేసుకోండి. 150 గ్రాముల చేప ఇప్పుడు పదిహేను రూపాయలు. నిజానికి అంత కూడా రాదు, చిన్న చేపకు వ్యాపారి సగం ధర కడతాడు. అయినా పదిహేనే అనుకుందాం. వంద చేపలు పడితే 1,500 రూపాయలు. అవే వంద చేపలు ఎండాకాలం దాకా ఉన్నాయనుకోండి. పక్షులు, పెద్ద చేపలు, దొంగలు కలిసి మూడో వంతు పోగొట్టినా 67 మిగులుతాయి. ముప్పావు కిలో లెక్కన 5,025 రూపాయలు. ఈ తేడా కోసం మనం చేయవలసిందల్లా వల ఇంట్లో ఉంచడమే.

మరో సంగతి. బొచ్చె, రవ్వు, మోసు నిలిచిన చెరువు నీళ్లలో పిల్లలు పెట్టవు. వానకాలం వరదలో, పారే నదుల్లోనే వాటి గుడ్లు. చెరువులో ఉన్న చేపే విత్తనం, అదే పంట. ఒకటి తీస్తే దాని స్థానంలో ఇంకొకటి పుట్టదు, మళ్లీ వానకాలం దాకా ఆగి కొని వదలాలి. బంగారుతీగ ఒక్కటే నిలిచిన నీళ్లలో, నీటి మొక్కల మీద గుడ్లు పెడుతుంది. దాన్ని చూసి అన్నీ అలాగే పెరుగుతాయనుకోవడం పాత పొరపాటు.

ధర కూడా ఈ నెలల్లో మన వైపు ఉండదు. కార్తీకంలో నీసు ముట్టని ఇళ్లు ఎక్కువ. సోమవారాలు, పౌర్ణమి, అయ్యప్ప మాలలు, ఇన్నిటి మధ్య గంప ఎత్తుకుని పోతే బేరం కూడా ఆడేవాళ్లుండరు. ఎండాకాలంలో చెరువులు అడుక్కు దిగినప్పుడు అందరూ ఒకేసారి పడతారు కాబట్టి అప్పుడూ కొంత ధర పడుతుంది, నిజమే. కానీ జూన్‌లో మిరుగు నాడు చేప తినని ఇల్లు తక్కువ. ఆ రోజు దాకా నీళ్లు నిలిచే చెరువు ఉన్నవాళ్లు కొంత చేపనైనా దాచి ఉంచుకుంటే లాభం.

ఇంతా చెప్పాక ఒక మినహాయింపు. సంక్రాంతికే ఎండిపోయే కుంటలు కొన్ని ఉన్నాయి. అలాంటివాటికి ఈ లెక్క పనికిరాదు. వాటిలో 35 మిల్లీమీటర్ల పిల్లలు వదిలి ముప్పావు కిలో అడగడం మన ఆశే గానీ నీళ్లు ఆగవు. అక్కడ వానకాలం మొదట్లోనే పెద్ద పిల్లను వదిలి మార్గశిరం, పుష్యంలో పట్టుకోవడమే దారి.

పిల్లలు చాలాచోట్ల ఆలస్యంగా, దసరా దాటాక వచ్చి చేరుతున్నాయి. అంటే వెచ్చటి నీళ్ల రోజులు సగం పోయినట్లే. ఆలస్యంగా వచ్చినా వదలక తప్పదు. అప్పుడు సంచీని నేరుగా చెరువులో కుమ్మరించకండి. మూతి కట్టి ఉండగానే పదిహేను ఇరవై నిమిషాలు చెరువు నీళ్ల మీద తేలనిచ్చి, తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొద్దికొద్దిగా సంచిలోకి పోసి, పిల్లలను వాటంతట అవే బయటికి పోనివ్వాలి. సంచిలో వేడి, చెరువులో చల్లన. ఆ తేడా పిల్ల తట్టుకోదు. సన్న పిల్లలను కొర్రమట్టలు, వాలుగలు మింగేస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అవి ఎక్కువున్న చెరువులో చిన్న సైజు పిల్లలు వదలడమంటే వాటికి మేత వేయడమే.

కొర్రమట్ట మన రాష్ట్ర చేప, ధర కూడా దానికే ఎక్కువ. దానికి వదిలే పని లేదు, తనంతట తానే పెరుగుతుంది. గడ్డిలో గూడు చేసుకుని, ఎర్రటి పిల్లల గుంపును తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. ఆ గుంపు కింద పెద్ద చేప ఉంటుందని తెలిసి చాలామంది అక్కడే గాలం వేస్తారు. పెద్ద చేప దొరుకుతుంది, నిజమే. ఆ వెనుకే వందల పిల్లలు పరిగెలకూ జెల్లలకూ తిండి అయిపోతాయి. భాద్రపదం, ఆశ్వయుజంలో ఆలస్యపు జంట ఏదైనా ఎర్ర గుంపుతో కనబడితే దాని జోలికి పోకండి.

మబ్బు పట్టిన తెల్లవారుజాము

ఈ కాలంలో పెద్ద గండం తుపాను మబ్బు. 2025 కార్తీకంలో మొంథా తుపాను అక్టోబరు 28న కోస్తాలో తీరం దాటితే, మరునాడు వరంగల్, హనుమకొండ వైపు కుండపోత పోసింది. కోతకు వచ్చిన వరి, తీయాల్సిన పత్తి పోయాయని అందరం బాధపడ్డాం. అలాంటి రోజుల్లో కుంటలో చేప సంగతి ఎవరికీ గుర్తుండదు.

పగలు ఎండలో నాచు ప్రాణవాయువును ఇస్తుంది. రాత్రి ఇవ్వదు సరికదా, చేపలతో పాటు తానూ పీల్చుకుంటుంది. అందుకే నీళ్లలో ప్రాణవాయువు తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములుంటే చేప హాయిగా ఉంటుంది. 3కు దిగితే పైకి వచ్చి నోరు తెరుస్తుంది. రెండు మూడు రోజులు ఎండ లేకపోతే పగటి సంపాదన ఆగి, రాత్రి ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. నీళ్లు ఎంత చిక్కటి పచ్చగా ఉంటే రాత్రి ఖర్చు అంత ఎక్కువ. మణికట్టు దగ్గర చేయి మాయమైతే పెంట ఆపమన్నది ఇందుకే.

దీనికి తోడు ఇంకొకటి జరుగుతుంది. చల్లటి వాన పడి, చల్లగాలి తగిలి పై నీళ్లు చల్లబడతాయి. చల్లటి నీళ్లు బరువు. అవి కిందికి దిగి అడుగు నీళ్లను పైకి నెడతాయి. అడుగున ఆకు, గడ్డి, పెంట కుళ్లి ఉంటాయి కాబట్టి ఆ నీళ్లలో ప్రాణవాయువు ఉండదు, పైగా విషవాయువులుంటాయి. కుంట దగ్గరికి పోగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అదే గుర్తు. లోతు ఎక్కువున్న కుంటల్లో, ఏళ్ల తరబడి పూడిక తీయని కుంటల్లో ఇది ఎక్కువ.

తెల్లవారుజామున చేపలు వరుసగా పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, చప్పట్లు కొట్టినా, రాయి వేసినా మునిగినట్టే మునిగి మళ్లీ పైకి వస్తుంటే ఇక ఆలస్యం చేయకూడదు. ముందుగా బొచ్చెలు, పెద్ద చేపలు బాధపడతాయి. కొర్రమట్ట, మార్పు లాంటివి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు కాబట్టి చివరి దాకా బతుకుతాయి. అవి బాగున్నాయి కదా అని ధీమా పడకండి.

చిన్న కుంటయితే మోటారు పెట్టి అదే కుంట నీళ్లను ఎత్తి, పైనుంచి తుంపరగా మళ్లీ కుంటలోనే పడేలా చేయండి. బోరు నీళ్లు వదిలేవాళ్లు పైపును నీళ్లలో ముంచకూడదు. బోరు నీళ్లలో ప్రాణవాయువు చాలా తక్కువ, పైనుంచి రాయి మీదో రేకు మీదో పడి చెదిరితేనే అందులో గాలి కలుస్తుంది. కరెంటు లేకపోతే నలుగురు దిగి పై నీళ్లను వెదురు కట్టెలతో చరచాలి. అడుగు బురద మాత్రం కదిలించకూడదు. ఆ రోజు మేత వేయకండి, పెంట వేయకండి, వల అసలే లాగకండి. వల లాగితే అడుగు బురద లేచి ఉన్నది కూడా పోతుంది. మబ్బు వీడి రెండు రోజులు మంచి ఎండ కాశాక మేత సగంతో మొదలు పెట్టండి.

మేత సంగతి కూడా ఇక్కడే. తవుడు, పల్లి చెక్క సమంగా కలిపి వేసేవాళ్లు చేపల మొత్తం బరువులో నూటికి రెండు పాళ్లకు మించకుండా చూసుకోవాలి. 150 గ్రాముల చేపలు వంద ఉంటే 15 కిలోల బరువు, రోజుకు 300 గ్రాముల మేత చాలు. తెల్లవారకముందే వేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ కాలంలో పొద్దెక్కనివ్వండి. తొమ్మిది పది గంటలకు నీళ్లు కాస్త వెచ్చబడ్డాక వేస్తే తింటాయి. మిగిలిందంటే అడుగుకు పోయి కుళ్లుతుంది.

పై ఊరి మందు, కింది ఊరి చేప

వరి రైతుకు చేపతో సంబంధం ఇక్కడ వస్తుంది. మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి నీళ్లు, దాని ఆయకట్టు నుంచి వదిలిన నీళ్లు కింది చెరువులో కలుస్తాయి. చిత్త, స్వాతి కార్తెల్లో వరి పొట్ట మీద, ఈనిక మీద ఉంటుంది. దోమపోటు వచ్చేది అప్పుడే. పంట చేతికి వచ్చే ముందు పోతోందని రైతు గుండె చెరువవుతుంది, దొరికిన మందు కొట్టేస్తాడు. కొట్టిన రెండోరోజు మడిలో నీళ్లు వదులుతాడు. ఆ నీళ్లు కాలువ పట్టి పోయేది కింది చెరువుకే. మీ చెరువు చేపకు మీ మందు కంటే పై ఊరి మందు ప్రమాదం. మీ మందు కింది ఊరి చేపకు ప్రమాదం. ఇద్దరికీ కారణం ఏమిటో తెలియదు, నీళ్లలో ఎవరో విషం కలిపారని ఊళ్ల మధ్య గొడవలు మాత్రం అవుతాయి.

సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మనుషులకంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. లీటరు నీటిలో మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్కల్లోనే అవి చేపను చంపగలవు. విచిత్రమేమిటంటే, వరిలో దోమకు ఇవి పనికొచ్చేవి కూడా కావు. పైరిత్రాయిడ్లు కొడితే దోమను తినే సాలీళ్లు, మిత్రపురుగులు చచ్చి, దోమ తగ్గేది పోయి ఇంకా విజృంభిస్తుందని శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. దుకాణంలో ఇచ్చింది కొట్టడం వల్ల పైన వరీ పోతుంది, కింద చేపా పోతుంది. మందు కొనేటప్పుడు డబ్బా మీద పేరు చదివించుకోండి.

దోమపోటుకు మడిలో నీళ్లు తీసి ఆరబెట్టడం సగం మందు. ఆ నీళ్లను మందు కొట్టక ముందే తీయాలి. తీశాక మందు కొట్టి, తర్వాత కనీసం వారం రోజులు మడి నీళ్లు బయటికి పోకుండా గట్టు మూసి ఉంచాలి. వాన మబ్బు కనిపిస్తున్నప్పుడు కొడితే మందు కొట్టుకుపోతుంది, డబ్బూ పోతుంది. స్ప్రేయర్ను చెరువులో కడగడం అలవాటుగా అయిపోయింది. బిందెలతో నీళ్లు తెచ్చుకుని పొలంలోనే కడిగి, ఆ నీళ్లను గట్టు మీద పోయండి. ఖాళీ డబ్బాలు తూము దగ్గర పారేయకండి. ఎండోసల్ఫాన్ అమ్మకాలను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. అది చేపలకు ఎంత విషమంటే, కుంటలో కలిపి చేపలు పట్టిన ప్రబుద్ధులు కూడా ఉండేవారు. ఇప్పుడు ఆ మందు పోయినా ఆ బుద్ధి పూర్తిగా పోలేదు. విషం కలిపి, తోటాలు పేల్చి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచీ నేరమే. కరెంటు తీగలు నీళ్లలో వేసి పట్టేవాళ్లకు చేప కంటే ముందు తమ ప్రాణం పోతుందని వేరే చెప్పాలా.

పుండ్లు కనబడితే

చలి మొదలయ్యాక చేపకు వచ్చే రోగాల్లో పుండ్ల వ్యాధి ముఖ్యమైనది. 1988లో మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల వైపు మొదలై తర్వాత అన్ని చోట్లకూ పాకింది. ఒక రకం బూజు దీనికి మూలం. వానకాలం తర్వాత నీళ్లు చల్లబడి, నీళ్లలో సున్నం గుణం తగ్గినప్పుడు విజృంభిస్తుంది. ముందు కొర్రమట్టలకు, పరిగెలకు వస్తుంది. ఒంటి మీద ఎర్రటి మచ్చలు, ఆ తర్వాత లోతైన పుండ్లు. పరిగెల మీద మచ్చలు కనబడ్డాయంటే బొచ్చె, రవ్వుల వంతు రాబోతోందని అర్థం చేసుకోవాలి.

పెద్ద చెరువుకు మందు వేయడం అయ్యే పని కాదు. సొంత కుంటకు మాత్రం ముందు జాగ్రత్తగా సున్నం చల్లుకోవచ్చు. ఎకరానికి 80 కిలోలు, పది గుంటల కుంటకు 20 కిలోలు. ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతలుగా, నీళ్లలో నానబెట్టి చల్లారాక పొద్దుటి పూట చల్లాలి. రోగం కనబడితే భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ తయారు చేసిన సిఫాక్స్ మందు ఉంది. మీటరు లోతు నీళ్లున్న హెక్టారుకు లీటరు, అంటే పది గుంటలకు 100 మిల్లీలీటర్లు. నీళ్లలో కలిపి కుంటంతా పడేలా చల్లాలి. వాడేముందు మీ మత్స్యశాఖ అధికారికి చేప ఒకటి చూపించండి, చేప పేను కొరికిన గాయాన్ని కూడా పుండ్ల వ్యాధి అనుకునేవాళ్లున్నారు. రోగం ఉన్న కుంటలో తిప్పిన వలను తడి తడిగా ఇంకో కుంటకు తీసుకుపోకండి. రెండు రోజులు ఎండలో ఆరబెట్టండి. చచ్చిన చేపను గట్టు మీద పడేస్తే కాకి ఎత్తుకుపోయి ఇంకో కుంటలో పడేస్తుంది. గుంత తీసి సున్నం వేసి పూడ్చండి.

నది వెంట ఉన్నవాళ్లకు

గోదావరి, మానేరు ఒడ్డు ఊళ్ల సంగతి వేరు. అక్కడ వరద తీశాక చేప మడుగుల్లోకి చేరుతుంది. రాళ్ల సందులు, వంతెన కాళ్ల దగ్గరి లోతులు, వాగు వచ్చి కలిసే చోట్లు దాని తావులు. ఎర్ర నీళ్లలో వాసన పట్టి తినే చేప, తేట నీళ్లలో కంటితో చూసి తింటుంది. గాలం దారం సన్నగా లేకపోతే దగ్గరికి రాదు. ఒడ్డున మనిషి నీడ పడినా తొలగిపోతుంది. ఆశ్వయుజంలో పొద్దున, సాయంత్రం గాలానికి మంచి వేళలు. మార్గశిరం వచ్చాక పొద్దున మంచులో కూర్చోవడం దండగ, నీళ్లు వెచ్చబడ్డ పది గంటల తర్వాతే బెండు మునుగుతుంది. జెల్లకు, పాపెరకు ఎర్ర గుచ్చితే చాలు. రవ్వుకు పల్లి చెక్క కలిపిన పిండి ముద్ద కావాలి. కింద కోస్తాలో పులస కోసం ఎదురుచూసేవాళ్లకు మాత్రం ఈ తేట నీళ్లు చేదు వార్త. సముద్రం నుంచి ధవళేశ్వరం దాకా ఎదురెక్కే ఆ చేప వరద ఎర్ర నీళ్లతో వచ్చి, అవి తీసేసరికి వెళ్లిపోతుంది.

నది మడుగులో దిగేవాళ్లు ఒక్కటి మరవద్దు. వానలు పోయాయి కదా అని ఇసుక తిన్నె మీద వల ఆరేసుకుని పడుకుంటారు. పైన ఎక్కడో తుపాను వాన పడితే ప్రాజెక్టు గేట్లు కార్తీకంలోనూ ఎత్తుతారు. మీ దగ్గర చుక్క వాన లేకుండానే నీళ్లు వస్తాయి. సైరన్ వినబడకపోయినా, నీళ్లు ఉన్నట్టుండి మసకబారి చెత్త కొట్టుకొస్తుంటే వల వదిలేసి ఒడ్డెక్కండి.

తూము దించే ముందు

యాసంగికి తూము ఎత్తడం మొదలయ్యాక చెరువు మళ్లీ మారుతుంది. శిఖం భూముల గడ్డిలో మేసిన చేప, నీళ్లు తగ్గుతుంటే కాలువలు పట్టి లోతుకు దిగుతుంది. ఆ దారుల్లో బుట్టలు పెట్టి పట్టేవాళ్లతో చిన్న చేప చాలా పోతుంది. తూము ముందు సన్న కన్ను జాలీ కట్టకపోతే నీళ్లతో పాటు చేప పొలాల్లోకి పోతుంది. జాలీకి చెత్త అడ్డం పడి నీళ్లు సరిగా రావని ఆయకట్టు రైతులు పీకేస్తారు, సంఘం వాళ్లు మళ్లీ కడతారు. ఇది ప్రతి ఏటా ఉండే తగాదే. రోజూ పొద్దున జాలీ చెత్త తీసే బాధ్యత సంఘం ఒక మనిషికి అప్పజెప్పిన ఊళ్లలో ఈ తగాదా లేదు. చివరి తడికి చెరువును అడుగంటా తోడకుండా మోకాలి పైన నీళ్లు ఉంచాలని ముందే, నాట్లకు ముందే, ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకోవాలి. మార్చిలో పంట ఎండుతున్నప్పుడు మాట్లాడితే ఎవరూ వినరు, వినమనడం న్యాయమూ కాదు.

సంక్రాంతికి ముందు ఒక్కసారి వల తిప్పడం మంచిదే. అమ్మడానికి కాదు, చూడటానికి. మబ్బు లేని రోజు, పొద్దెక్కాక, ఒక మూలన తిప్పి ఇరవై చేపలు తీయండి. తడి చేతులతో పట్టుకుని బకెట్లో నీళ్లతో సహా తూచి, పుండ్లు, పేను చూసి వెంటనే వదిలేయండి. వాటి బరువు ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. ఎండాకాలం వ్యాపారి వచ్చి చేప ఎదగలేదని ధర తగ్గించినప్పుడు ఆ చీటీ పనికొస్తుంది. అసలు పట్టు పట్టే రోజుకు వల కన్ను, చేతి నాలుగు వేళ్లు కలిపి దూరేంత ఉండాలి. ఆ సందులోంచి జారిపోయిన చేప వచ్చే వానల దాకా నీళ్లున్న చెరువులో పెరుగుతుంది, ఎండే చెరువైతే చివరి రోజు చేత్తోనే ఏరుకోవచ్చు.